గాలిలో సగం వంతెన

బొలోన్యా నగరంలో కాపురమున్న నా తల్లి తెస్సాకు, ఇంకా ఊపిరితో ఉన్న నీ తండ్రి రనియేరి దీవించి రాస్తున్న ఉత్తరం.

ఇక్కడ మేము క్షేమం. మేము అంటే నేనూ, నా ముసలి గాడిదా. అక్కడ నువ్వూ, అల్లుడు బిందో, పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. పెద్దలు పెట్టిన పద్ధతి కాబట్టి ఇంతవరకు రాశాను గానీ, బెనెవెంతో దగ్గర యుద్ధంలో మా పక్షానికి అండగా ఉన్న మాన్‌ఫ్రెడ్ రాజు పోయినప్పటి నుంచి ఈ దేశంలో క్షేమం అనే మాట ఎవరు రాసినా నాకు నవ్వొస్తోంది. నిన్నటిదాకా చక్రవర్తి పక్షం వాళ్ళం ఊరేలాం. ఇప్పుడు కింద ఎవరైనా దగ్గితే చాలు, ఎవరి మనిషో అని గుండె పట్టుకుంటున్నాం.

నీ ఉత్తరం సన్యాసి మత్తేయో తెచ్చి ఇచ్చాడు. ముసుగు కుట్టు విప్పి అందులోంచి తీస్తూ, "ఇది దొరికితే నిన్నూ నన్నూ ఒకే కొమ్మకి కడతారు, పెద్దాయనా" అని నవ్వాడు. ఆయనకి నవ్వడం సులువు. పోయాక ఎక్కడికి వెళ్ళేదీ ఆయనకి ఖాయంగా తెలుసు. సాయంత్రం ప్రార్థన గంట కొట్టేలోగా జవాబు ఇమ్మన్నాడు. కొత్త తోలుపత్రం దొరకలేదు. పాత వ్యాజ్యం ఒకటి గీకేసి దాని మీదే రాస్తున్నాను. ఒక బావి కోసం ఇద్దరు అన్నదమ్ములు జీవితమంతా పోట్లాడుకున్న వ్యాజ్యం అది. ఇద్దరూ పోయారు, బావీ ఎండిపోయింది. అక్కడక్కడ పాత అక్షరం పైకి తేలితే పట్టించుకోకు.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు చెబుతాను. మోకాళ్ళు అలాగే ఉన్నాయి. మీ అమ్మ సమాధి దగ్గర ఆదివారం ఆదివారం కొవ్వొత్తి వెలిగిస్తున్నాను. పెరట్లో ఆమె నాటిన అంజూరం చెట్టు మంచుకి సగం చచ్చి, మిగిలిన సగం చిగురు పెట్టింది. పుస్తకాలు ఎలుకల పాలు కాలేదు. కన్ను మాత్రం మసకేసింది. అందుకని వాటిని చదవడం మానేసి, పక్కన కూర్చుని తిట్టుకుంటున్నాను. రోము చరిత్రలు రాసినవాళ్ళందరూ గెలిచినవాడి అన్నం తిన్నవాళ్ళే. ఈ వయసులో ఆ సంగతి బోధపడి ఏం లాభం?

మీ మామగారు బొనిజో చలికాలం చివర రోముకి యాత్ర బయలుదేరారనీ, ఇంతవరకు కబురు లేదనీ, ఇంట్లో అందరూ బెంగ పెట్టుకున్నారనీ రాశావు. ఆయనకి భక్తి ఎప్పుడు పుట్టిందమ్మా? నాకు తెలిసి ఆ మనిషి చర్చిలో మోకాళ్ళ మీద ఉన్నది రెండే సందర్భాలు. ఒకటి నీ పెళ్ళి. రెండోది, గుమ్మం దగ్గర తడి రాయి మీద జారిపడినప్పుడు.

ఇక అసలు సంగతి. "నాన్నా, ఈస్టరు లోపల ఊరు వదిలి వచ్చెయ్యి. మావాళ్ళు, పోపు పక్షంవాళ్ళందరూ, ఫ్రెంచి రౌతులతో కలిసి బయలుదేరుతున్నారు. గుట్ట ఎక్కగానే ముందు నీ బురుజు కాల్చాలని తీర్మానించారు. బిందో ఎంత చెప్పినా వినలేదు. ముందే వచ్చేస్తే నీ ప్రాణానికి తను పూచీ అంటున్నాడు" అని రాశావు. ఆ నాలుగు ముక్కలూ ఎన్నిసార్లు చదివానో. చదివిన ప్రతిసారీ మడిచి పెట్టి, మళ్ళీ విప్పాను. ఈ చేతులతో ముగ్గురు బిషప్పుల మీద అభియోగాలు రాశాను. అప్పుడు రాసింది ఒక్కటీ రెండోసారి చదవలేదు.

రాలేనమ్మా. కారణాలు చాలా ఉన్నాయి. కొండదారిలో నా మోకాళ్ళు నడవవు. గాడిద ముసలిది. పుస్తకాలు వదిలి రాలేను. నా జీవితమంతా ఏ పక్షాన్ని తిట్టానో, వాళ్ళ పొయ్యి దగ్గర కూర్చుని వాళ్ళ రొట్టె తినలేను. అక్కడికొస్తే మీ చుట్టాలు నన్ను చూపించి "వీడే, మోంతాపెర్తి యుద్ధం తర్వాత మనల్ని ఊళ్ళోంచి తరిమినవాళ్ళల్లో వీడొకడు" అంటారు. తరిమింది నేను కాదు. ఆ సభలో లేచి, వెలివేసినవాళ్ళ బురుజుల పై అంతస్తులు కూల్చి తలలు నరకమని ఏ చట్టంలోనూ లేదని గొంతు పోయేలా చదివి వినిపించిన ఒకే ఒక్కణ్ణి నేను. నా ఎదురుగా గునపం భుజాన పెట్టుకుని నిలబడి నవ్వినవాడు గెరార్దో. ఇప్పుడు మా సభకి పెద్ద వాడే.

వాడి సంగతి చెప్పకుండా ఈ ఉత్తరం ముగిస్తే నాకు నిద్ర పట్టదు. మోంతాపెర్తికి ముందు గెరార్దో పోపు పక్షం మనిషి. టోపీలో ఈక ఎడమవైపు పెట్టుకునేవాడు. మనం గెలిచిన వారానికి ఈక కుడివైపుకి మారింది. మీ మామగారి బురుజు మీదికి గునపంతో ముందు ఎక్కింది వాడే. పక్షం మారినవాడు ఎప్పుడూ ముందే ఎక్కుతాడు. ఇప్పుడు మీవాళ్ళు వస్తున్నారని ఊరంతా గుసగుసలు. నా బురుజు ముందు కాలిస్తే మిగతా ఊరు వణికి లొంగిపోతుందని మీ శిబిరానికి కబురు పంపినవాడెవడో నువ్వు రాయలేదు. రాయక్కర్లేదు. ఆ మాట వాసన చూస్తే నోరెవరిదో తెలుస్తుంది.

నిజం చెప్పనా తల్లీ, నాకు భయంగా ఉంది. రాతి బురుజు కాలదని పిల్లలు అనుకుంటారు. రాయి కాలదు. లోపలి అంతస్తులన్నీ చెక్కే కదా. అడుగున ద్రాక్ష కట్టెలూ తారూ పోసి నిప్పు పెడితే, బురుజు పొగగొట్టం అయిపోతుంది. పైనున్నవాడు కిటికీలోంచి దూకాలి, లేకపోతే ఉడకాలి. కుర్రతనంలో పిస్తోయా ఊళ్ళో చూశాను. ఎవరూ దూకలేదు. ఎందుకు దూకలేదా అని అప్పటి నుంచీ ఆలోచిస్తూనే ఉన్నాను. నిప్పుల కుండలో బొగ్గు చిటపటమన్నా ఇప్పుడు నేను ఉలిక్కిపడుతున్నాను.

మళ్ళీ చదువుకుంటే నా కారణాలన్నీ నాకే సిగ్గుగా ఉన్నాయి. న్యాయవాది ఎక్కువ కారణాలు చూపించాడంటే అసలు కారణం దాచాడని నీ చిన్నప్పుడు నేనే నీకు చెప్పాను. పట్టేసి ఉంటావు. సరే, చెబుతాను. ఇది దొరికితే ఉరి ఎలాగూ తప్పదు, సగం చెప్పి చావడమెందుకు?

గాడిదను చలికాలంలోనే అమ్మేశాను. ఇక్కడ నాతో ఉన్నది మీ మామగారు.

కూర్చుని చదువు. కంగారుపడకు. బతికే ఉన్నారు.

ఈస్టరు ముందటి ఉపవాసాలు మొదలైన కొత్తలో ఒక మధ్యాహ్నం ద్వారం దగ్గర సత్రంలో కూర్చుని శనగల చారు తాగుతున్నాను. గెరార్దో, వాడి బంట్లు పక్క బల్ల దగ్గర ఉన్నారు. మూలన ఒక ముసలి యాత్రికుడు, ముసుగు ముక్కుదాకా లాక్కుని కూర్చున్నాడు. సత్రం ఆవిడ అతని ముందు గడ్డిలో దాచిన పాత ఆపిల్ ఒకటి పెట్టింది. అతను కత్తి తీసి కోశాడు. అడ్డంగా.

నీకు చెప్పాలా? మీ అమ్మ పోపు పక్షం ఇంటి పిల్ల. తన పండు అడ్డంగా కోసుకునేది, గింజలు నక్షత్రంలా కనిపించేవి. నాకు మాత్రం కాడ నుంచి నిలువుగా కోసి పెట్టేది, మన చక్రవర్తి పక్షం పద్ధతిలో. నువ్వు రెండూ నేర్చుకున్నావు. పరాయి ఊళ్ళవాళ్ళు వింటే మేమంతా పిచ్చివాళ్ళం అనుకుంటారు. కానీ ఈ ఊళ్ళో పండు కోసిన తీరు చూసి మనిషిని చంపారు, తెస్సా. మీ మామగారికి ఆ సంగతి తెలుసు. పేరు మార్చారు, గడ్డం పెంచారు, యాస మార్చారు. చెయ్యి మార్చడం మర్చిపోయారు.

సత్రంలో అందరూ ఆ కత్తివైపు తిరిగారు. గెరార్దో తాపీగా అన్నాడు:

"ఏమయ్యా సాధువూ, చేతివాటం భలేగా ఉందే. ఇంకో పండు తెప్పిస్తా, మళ్ళీ ఓసారి కొయ్యి. మావాళ్ళు సరిగ్గా చూళ్ళేదు."

ముసుగు కింద నుంచి గడ్డం ఒక్కటే కనిపిస్తోంది. ఆ గడ్డం వణుకు చూసి గుర్తుపట్టాను. నీ పెళ్ళిలో కట్నం దగ్గర నాతో వాదిస్తున్నప్పుడు కూడా అది అలాగే వణికింది. ఆ క్షణంలో నేనేం ఆలోచించానని అడక్కు. ఆలోచించి ఉంటే నా చారు నేను తాగేవాణ్ణి. లేచి వెళ్ళి, వాళ్ళు తెచ్చిన రెండో పండు లాక్కుని, అందరూ చూస్తుండగా అడ్డంగా కోశాను.

"నా పెళ్ళాం పోయేదాకా ఇలాగే కోసింది. నేనూ పోపు మనిషినే అన్నమాట. ఉరి తాడు ఏదిరా గెరార్దో?"

"మీతో కాదు పెద్దాయనా మాకు పని. ఈ సాధువెవరో..."

"సాధువు ఎవరైతే నీకెందుకు? ముందు నీ టోపీ ఇలా తియ్యి. ఈక గుచ్చిన చిల్లులు ఎడమన ఎన్నున్నాయో కుడిన ఎన్నున్నాయో అందరం చూద్దాం. మూడో చిల్లు మధ్యలో పెట్టించుకో. మళ్ళీ మళ్ళీ కుట్టించుకునే బాధ తప్పుతుంది."

సత్రం అంతా గొల్లుమంది. వాడి బంట్లు కూడా నవ్వారు. గెరార్దో పళ్ళు నవ్వాయి గానీ కళ్ళు నవ్వలేదు. ఆ సందట్లో యాత్రికుడి చెయ్యి పట్టుకుని, "రా నాయనా, మా ఇంట్లో గంజి తాగి, చచ్చిపోయిన నా పెళ్ళాం పేరు మీద ప్రార్థన చెయ్యి" అని బయటికి లాక్కొచ్చాను. ఎన్నాళ్ళ నుంచో ఆ టోపీ మాట వాడి మొహం మీద అనాలని దాచుకున్నాను. అన్నందుకు సంతోషంగానే ఉంది. దాని ఖరీదు మాత్రం ఆ సాయంత్రమే తెలిసింది. మన బురుజు ఎదుట, బావి గట్టు మీద, గెరార్దో బంటు ఒకడు చెప్పు కుట్టుకుంటూ కూర్చున్నాడు. ఈరోజుకీ కుడుతూనే ఉన్నాడు. అంత పెద్ద చెప్పు ఎవరిదో!

బురుజు గుమ్మం ఎంత ఎత్తులో ఉంటుందో నీకు తెలుసు. నిచ్చెన ఎక్కుతూ దాదాపు గుమ్మం చేరాక మెట్టు విరిగింది. మీ మామగారు కింద పడి కాలు విరగ్గొట్టుకున్నారు. పడుకునే అన్నారు:

"ఏం బావగారూ, మీ నిచ్చెన కూడా చక్రవర్తి పక్షమేనా?"

"కాదు బావగారూ. దానికి బరువు చూడటమొక్కటే తెలుసు. బొలోన్యాలో మా అమ్మాయి బాగా తినిపిస్తున్నట్టుంది."

వీపు మీద వేసుకుని ఎలా ఎక్కించానో ఆ దేవుడికే తెలియాలి. వైద్యుణ్ణి పిలవలేను. వెలివేసినవాడు ఊళ్ళో దొరికితే వాడికి తల పోతుంది, దాచినవాడికీ పోతుంది. అరబ్బుల వైద్యగ్రంథం ఒకటి నా దగ్గరుంది. మసక కన్నుతో అందులో చదువుతూ ఎముక కట్టాను. ఆయన కేకలు బయటికి వినపడకుండా నోట్లో మీ అమ్మ శాలువా కుక్కాను. ఎముక సరిగ్గా కూడలేదు. జ్వరం వస్తోంది, పోతోంది. ఆయన నడవలేరు, నేను మళ్ళీ మొయ్యలేను, ఆయన్ని వదిలి రాలేను. అదమ్మా నా మోకాళ్ళ కథ.

ఎందుకొచ్చారని అడిగితే ఏమన్నారో తెలుసా? "నా బురుజు రాళ్ళతో గెరార్దో గుర్రాలసాల కట్టాడట కదా. నా రాళ్ళు నేను చూసుకుందామని వచ్చాను." ఇంతటి మూర్ఖుణ్ణి నేను చూడలేదు. వారం తర్వాత, జ్వరంలో, ఇంకోటి చెప్పారు. "మావాళ్ళు వచ్చి కాల్చేలోగా మిమ్మల్ని తీసుకుపోదామని వచ్చాను" అని. తెల్లవారాక అలా అనలేదని ఒట్టేశారు. నేనూ వినలేదని ఒట్టేశాను.

ఇప్పుడు అర్థమైందా, తల్లీ? మీ ఆయన సేన గుట్ట ఎక్కి ముందుగా కాల్చబోయేది తన కన్నతండ్రినే.

బిందోకి చెప్పు. కానీ నమ్మడు. మీవాళ్ళెవరూ నమ్మరు. బురుజు కాపాడుకోవడానికి ముసలి న్యాయవాది వేసిన ఎత్తు అంటారు. వాళ్ళ స్థానంలో ఉంటే నేనూ అదే అంటాను. మీ మామగారూ అదే అన్నారు: "మీ మాట నమ్మేవాడు ఈ భూమ్మీద ఎవడున్నాడు బావగారూ? నే చెప్పింది చెప్పినట్టు రాయండి. మీ లాటిన్ కలపకండి." ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను:

"ఒరేయ్ బిందో, చిన్నప్పుడు బురుజుల మధ్య వంతెన మీద సగందాకా వెళ్ళి, కిందికి చూసి, ఇటూ రాక అటూ పోక ఏడ్చావు గుర్తుందా? నేను దర్జాగా నడిచొచ్చి నిన్ను ఎత్తుకున్నానని ఊరంతా చెప్పాను. నడవలేదురా. బోర్లా పడుకుని, కళ్ళు మూసుకుని పాక్కుంటూ వచ్చాను. మీ అమ్మకి చెప్పొద్దని నీకు అంజూరపండ్లు పెట్టాను. ఈ సంగతి నీకూ నాకూ తప్ప ఎవరికీ తెలీదు. నేను ఇక్కడే ఉన్నాను. నాకు భయంగా ఉందిరా. ఈసారి నువ్వు రా."

ఈ మాటలు రాస్తూ నేను తలెత్తలేదు. ఆయనా నావైపు చూడలేదు.

ఆ వంతెన గురించే నేను చెప్పవలసింది ఇంకొకటుంది. మన రెండు బురుజుల మధ్య వీధి మీదుగా చెక్క పలకలు పరిచి ఉండేవి కదా. నీ పెళ్ళిరోజున కాలు నేల మోపకుండా మన కిటికీలోంచి వాళ్ళ కిటికీలోకి నడిచి వెళ్ళావు. మధ్యలో ఒకసారి ఆగి వెనక్కి చూశావు. ఒప్పందం ప్రకారం సగం పలకలు మావి, సగం వాళ్ళవి. మధ్యలో ఇనప కొక్కెం. వాళ్ళ బురుజు తల నరికాక వాళ్ళ సగం పోయింది. మన సగం పై గదిలో గోడకి ఆనించి ఉంది.

మీవాళ్ళు దక్షిణ దారిలో కనిపించగానే ఆ పలకల లోపలి కొసలు తాడుతో దూలానికి బిగించి, కిటికీలోంచి బయటికి తోస్తాను. అవతల ఆనడానికి ఏమీ లేదు కాబట్టి వంతెన గాలిలో సగంలో ఆగిపోతుంది. కింద దారిలోంచి చూస్తే స్పష్టంగా కనిపిస్తుంది. అది కనిపిస్తే ఆయన ప్రాణాలతో ఉన్నట్టు. నిప్పు పెట్టకుండా పైకి రమ్మను. కనిపించకపోతే, జ్వరం గెలిచినట్టు. అప్పుడు మీ పద్ధతి మీరు కానిచ్చుకోండి. ఆయన పోయాక కూడా పలకలు పరిచి నన్ను నేను కాపాడుకుంటానని బిందో అనుకోవచ్చు. డబ్బు తీసుకుని ఎంతోమంది కోసం అబద్ధాలు చదివాను. నీకు ఇచ్చిన మాట మీద అబద్ధం చదవను. నువ్వూ వాళ్ళతో వచ్చి, అతని పక్కన నిలబడి పైకి చూడు. వాళ్ళెవరూ చూడకపోయినా నువ్వు చూడు.

నా భయం నిప్పు ఒక్కటే కాదు. పలకలు బయటికి వచ్చిన మరుక్షణం బావి గట్టు మీదివాడికీ కనిపిస్తాయి. శత్రువుకి సంకేతం ఇచ్చానని గెరార్దో గునపాలు పట్టినవాళ్ళని వెంటేసుకుని వస్తాడు. ఆ టోపీ మాట వాడు మర్చిపోలేదు. ఈక మళ్ళీ ఎడమకి మార్చుకునే ముందు, మీవాళ్ళకి కానుకగా నా తల ఇవ్వగలిగితే వాడికి అంతకంటే ఏం కావాలి? వాడు వచ్చాక, మీరు వచ్చేదాకా, మధ్యలో కాసేపు ఉంటుంది. ఆ కాసేపు మేమిద్దరు ముసలివాళ్ళం, ఒక చెక్క తలుపు. నిచ్చెన పైకి లాగేశాను. తలుపు వెనక నా పుస్తకాలన్నీ పేర్చాను. చట్టాలు అడుగున పెట్టాను, బరువైనవి అవే. జీవితంలో మొదటిసారి అవి ఎవరికైనా అడ్డుపడతాయేమో చూద్దాం.

బిందోని తొందరపెట్టు. రౌతులు ఈస్టరు పండుగ దాకా ఆగుదామంటే ఆగనివ్వకు. నేనెప్పుడూ మీ పక్షం గెలవాలని కోరుకోలేదు. ఇప్పుడు కోరుకుంటున్నాను. ఈ మాట చూసి మీవాళ్ళు ఎంత నవ్వుకున్నా సరే, త్వరగా రమ్మను.

ఇందాక ఆయనకి ఆపిల్ కోసి ఇచ్చాను. అలవాటు కొద్దీ నిలువుగా కోశాను. చాలాసేపు దానివైపు చూసి, "ఎవరికీ చెప్పకండి బావగారూ" అని తిన్నారు. నీకు చెబుతున్నాను.

గంట కొడుతున్నారు. మత్తేయో కిటికీ కింద నిలబడి దగ్గుతున్నాడు. ఉత్తరం బుట్టలో పెట్టి తాడుతో దింపాలి. బావి గట్టు మీదివాడు నీళ్ళకి వంగినప్పుడు దింపాలి. దక్షిణం వైపు నది మలుపు దగ్గర దుమ్ము లేస్తోంది. గొర్రెల మందేమో. నా కన్ను మసక కదా, ఆయన్ని అడిగాను. ఆయన తల తిప్పి చాలాసేపు చూసి, "గొర్రెలే" అన్నారు. గడ్డం వణికింది.

ఈ ఉత్తరం ముందు చేరుతుందో, వాళ్ళే ముందొస్తారో. పలకల దగ్గరికి వెళ్తున్నాను.

ఇట్లు,
బొనిజోకు వియ్యంకుడు,
నీకు తండ్రి,
రనియేరి.